తెరుచుకోని గేటు

2004 డిసెంబర్ 24. ఢిల్లీ, 24 అక్బర్ రోడ్డు. కాంగ్రెస్ ప్రధాన కార్యాలయం ముందు సైనిక శకటం ఆగింది. దాని మీద త్రివర్ణ పతాకం కప్పిన పాములపర్తి వెంకట నరసింహారావు పార్థివ దేహం. ముందురోజే ఎయిమ్స్‌లో కన్నుమూశారు. అయిదేళ్లు దేశానికి ప్రధాని, అదే కాలంలో ఆ పార్టీకి అధ్యక్షుడు. కార్యకర్తల నివాళి కోసం దేహాన్ని కాసేపు లోపల ఉంచుతారని అయినవాళ్లు ఎదురుచూశారు. నిమిషాలు గడిచాయి. గేటు తీయలేదు. శకటం విమానాశ్రయం దారి పట్టింది.

అంత్యక్రియలు ఢిల్లీలోనే జరగాలన్నది కుటుంబం కోరిక. అదీ తీరలేదు. విమానం హైదరాబాద్ బేగంపేటలో దిగింది. మర్నాడు హుస్సేన్ సాగర్ గట్టున చితి పేర్చారు. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి మొక్కి వెళ్లారు. పెద్దలంతా వెళ్లిపోయాక, ఆ రాత్రి, ఇంకా పూర్తిగా కాలని చితిని టీవీ చానెళ్లు చూపించాయి. చూసినవాళ్లకు అన్నం సయించలేదు.

నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009లో పోతే పంజాగుట్ట చౌరస్తాలో విగ్రహం వెలిసింది. పి.వి. విగ్రహం నెక్లెస్ రోడ్డులో నిలబడేసరికి 2021 జూన్ 28 అయింది. 2024లో భారతరత్న వచ్చింది.

ఆ విమానం దిగిన బేగంపేటకు అమీర్‌పేట కూతవేటు దూరం. పొద్దున్నే మైత్రీవనం దగ్గర నిలబడి చూడండి. భుజాన బ్యాగు, చేతిలో కరపత్రం, ఏ డెమో క్లాసుకు వెళ్లాలో తేల్చుకోలేని కుర్రాళ్లు. కరీంనగర్, శ్రీకాకుళం, అనంతపురం నుంచి వచ్చి హాస్టల్ గదుల్లో సర్దుకుని జావా, ఒరాకిల్ నేర్చుకుంటారు. వీళ్లలో ఎందరో వీసా స్టాంపు కొట్టించుకుని సముద్రాలు దాటారు. ఈ దారి 1991 జులై 24న పడింది. బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టి రోజులు నెట్టుకొస్తున్న దేశం అది. ఆ రోజు పార్లమెంటులో బడ్జెట్ కన్నా ముందు పారిశ్రామిక విధానం బల్ల మీదికి వచ్చింది. పరిశ్రమల శాఖ పి.వి. చేతిలోనే ఉంది. 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదు. 34 రంగాల్లో విదేశీ కంపెనీలు 51 శాతం దాకా వాటా పెట్టొచ్చు. పేరు అప్పటి ఆర్థిక మంత్రి మన్మోహన్‌కు దక్కినా, రాజకీయంగా మెడ మీద కత్తి పి.వి.కే. ఆయనది మైనారిటీ ప్రభుత్వం.

అయితే ఆయనకు జరిగిన అవమానం మీద మనకున్న కోపం 1992 డిసెంబర్ 6ను తుడిచెయ్యకూడదు. అయోధ్యలో బాబ్రీ మసీదును కాపాడతామని సుప్రీంకోర్టుకు యూపీ ప్రభుత్వం ఇచ్చిన మాటను ఆయన నమ్మారు. గుమ్మటాలు గంటల తరబడి కూలుతుంటే కేంద్ర బలగాలు దగ్గర్లోనే ఉండిపోయాయి. మళ్లీ కట్టిస్తామన్న హామీ హామీగానే మిగిలింది. రాజ్యాంగ పరిమితులంటూ ఆయన చెప్పుకున్న సమాధానం నాకు చాలదు. ప్రధాని కుర్చీలో ఉన్నవాడు ఆ రోజు ఓడిపోయాడు. ఆ తర్వాత చెలరేగిన అల్లర్లలో పోయిన ప్రాణాల్లో ఆ ఓటమికి వాటా ఉంది.

ఈ రెండు తేదీల నీడలో అందరూ మరిచిపోయిన పి.వి. ఇంకొకరు ఉన్నారు. 1971 సెప్టెంబర్ 30న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన వంగర భూస్వామి. 1972లో భూపరిమితి బిల్లు తెచ్చారు. కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. అంతకు మించింది ప్రభుత్వానికి అప్పగించాలి. సొంత భూమి కూడా వదులుకున్నారు. ఆయన పార్టీలో ఆయన పక్కన కూర్చున్నవాళ్లలోనే పెద్ద భూస్వాములు ఉన్నారు. వాళ్ల కాళ్ల కింద నేల కదిలింది. అక్టోబర్‌లో తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు రావడం, ఆయన దాన్ని సమర్థించడం, కోస్తాలో ప్రత్యేక రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం రాజుకోవడం వెంటవెంటనే జరిగిపోయాయి. ఉద్యమంలో విద్యార్థుల ఆవేదన నిజమైనదే. దాని వెనక చేరి భూములు కాపాడుకున్నవాళ్లూ నిజమే. 1973 జనవరిలో ఆయన పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. చట్టం మాత్రం ఆ ఏడాది మొదటి చట్టంగా పుస్తకాలకెక్కింది.

నా తూకంలో పి.వి.కి 1991 కన్నా ఈ పదిహేను నెలలే బరువు. అప్పు పుట్టని దేశానికి 1991లో వేరే దారులు మూసుకుపోయాయి. 1972లో అలా వేరే దారి లేని పరిస్థితి ఆయనకు లేదు.

ఏటా జూన్ 28న, ఆయన జయంతికి, నెక్లెస్ రోడ్డు విగ్రహానికి దండలు పడతాయి. వేసే నాయకులను ఒక్కటి అడగండి: ఆ భూపరిమితి చట్టం కింద తేలిన మిగులు భూమి మీ మండలంలో ఎంత, అందులో పేదల చేతికి అందింది ఎంత?