బావి మూత మర్చిపోయిందెవరు?

ఉత్తర ఐర్లండులో లాఖ్ నే అని ఓ సరస్సు ఉంది. దాదాపు 390 చదరపు కిలోమీటర్లు, ఐర్లండు దీవిలో ఇదే పెద్దది. ఎలా పుట్టిందంటే, ఫిన్ మెకూల్ అనే మహాకాయుడు స్కాట్లండు శత్రువు మీదకి గుప్పెడు మట్టి విసిరాడట. గురి తప్పి సముద్రంలో పడ్డ మట్టి ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమైంది, తవ్విన గుంట సరస్సయింది. ద్వీపమేమో 570 చదరపు కిలోమీటర్ల పైనే, సరస్సు సగటు లోతేమో తొమ్మిది మీటర్లే. లెక్క కుదరదు లెండి.

నన్ను పట్టుకున్నది ఇంకో కథ. 1100 ప్రాంతంలో రాసిన 'బుక్ ఆఫ్ ద డన్ కౌ' అనే రాతప్రతిలో ఉంది. ఒక రాజు ఊటబావి పక్కన ఇల్లు కట్టుకుని, దానికి మూత పెట్టించి, ఒకామెని కాపలా ఉంచాడు. ఒకరోజు ఆమె మూత వెయ్యడం మర్చిపోయింది. అంతే, ఊరంతా మునిగింది. ఒక వెర్రిబాగులవాడు ముందునుంచీ పడవలు కట్టుకోండని మొత్తుకున్నా ఎవరూ వినలేదు (ప్రతి ప్రాజెక్టులోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు). రాజు కూతురు లీ బాన్ మాత్రం సగం సాల్మన్ చేపగా మారి 300 ఏళ్ళు బతికింది. ఆమె కుక్కపిల్ల నీటిపిల్లి అయింది! చివరికి సన్యాసులకి దొరికి, బాప్తిస్మం తీసుకుని కన్నుమూసింది.

1188 ప్రాంతంలో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతాధికారి ఇదే వరద కథ మళ్ళీ రాశాడు. ఇక్కడా ఒకామె నీళ్ళకొచ్చి, బిడ్డ ఏడుపు వినిపించి పరిగెత్తి, మూత మర్చిపోతుంది. కానీ జెరాల్డ్ ఒకటి కలిపాడు: అక్కడి జనం పశువులతో పాపం చేసేవాళ్ళు, అందుకే దేవుడు ముంచేశాడు అని.

ఈయనెవరనుకున్నారు? 1169లో ఐర్లండు మీద పడ్డ నార్మన్ దండులో ఈయన సొంత మేనమామలున్నారు. 1185లో రాజకుమారుడు జాన్‌తో తనూ వెళ్ళాడు. పుస్తకం అంకితమిచ్చింది జాన్ తండ్రి, రెండో హెన్రీకి. ఆక్రమించుకున్న జనం పాపాత్ములని తేలితే ఎవరికి లాభమో వేరే చెప్పాలా? పాత కథలో ఉన్నది మతిమరుపు, ఈయన చేతిలో అది తీర్పు అయింది. నాకైతే బిడ్డ కోసం పరిగెత్తిన ఆ తల్లి మీద జాలేసింది.

నీళ్ళు నిశ్చలంగా ఉన్నప్పుడు అడుగున గుండ్రటి గోపురాలు కనిపిస్తాయని జాలర్లు బాటసారులకి చూపించేవారని కూడా జెరాల్డే రాశాడు. 2023 వేసవిలో మాత్రం పైన నాచు తప్ప ఏమీ కనిపించలేదు. ఎరువులు, మురుగు, వేడెక్కిన నీళ్ళు కలిసి పెంచిన నాచు అది, ఉపగ్రహ చిత్రాలకి కూడా చిక్కింది. ఉత్తర ఐర్లండు తాగునీటిలో దాదాపు 40 శాతం ఆ సరస్సు నుంచే వెళ్తుంది.