ఉయ్యూరు రోడ్డుకి ఎన్ని స్ప్రింగులు కావాలి?

ఈ మధ్య మన ఐటీ జనాల్లో సైకిల్ పిచ్చి బాగా ముదిరింది. మంచిదే. కానీ కొట్టుకెళ్ళగానే అందరి కళ్ళూ ముందు ఫోర్కు మీదా, వెనక సీటు కిందున్న లావుపాటి స్ప్రింగు మీదా పడుతున్నాయి. ఎక్కువ స్ప్రింగులుంటే గొప్ప బండి అని లెక్క. ర్యామ్ కొన్నట్టు కొంటే కుదరదండీ! "ఎంత సస్పెన్షన్ కావాలి" అన్న ప్రశ్నకి మా కృష్ణా డెల్టా బళ్ళ చరిత్రలో మంచి జవాబుంది.

ఉయ్యూరు చుట్టుపక్కల భూమి బల్లపరుపు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలువలొచ్చాయి, కాలువ గట్లే దారులయ్యాయి. ఇక్కడ బండికి కొండలతో పేచీ లేదు, నల్లరేగడితోనే. వానాకాలం బురద, ఎండాకాలం ఆ బురదలో గట్టిపడ్డ చక్రాల గాళ్ళు. ఉయ్యూరులో పంచదార ఫ్యాక్టరీ వచ్చాక ఈ దారుల మీద చెరకు బళ్ళు బారులు తీరాయి. కొయ్య చక్రానికి ఇనప పట్టా, మధ్యలో ఇరుసు, అంతే. స్ప్రింగు లేదు. చెరకు గడకి నడుం నొప్పి రాదు కదా! పైగా విరిగితే ఊళ్ళో కమ్మరీ, వడ్రంగీ చాలు.

అదే మనుషులెక్కే జట్కాకైతే కింద కమాన్ కట్టలుండేవి. అంటే స్ప్రింగు ఖర్చు కూర్చునేవాళ్ళ కోసమే. మరి సరుకు బండి కుదుపులు ఎక్కడికి పోయాయంటారా? కాడి మీదుగా ఎద్దుల మెడలకి.

ఇంగ్లండులో కథ ఇంకోలా నడిచింది. 1860ల నాటి సైకిల్‌ని ఎముకలు కదిలించే బండి అని వెక్కిరించేవారు. 1885లో లిన్లీ అండ్ బిగ్స్ వాళ్ళు ఫ్రేములోనే స్ప్రింగు పెట్టి విప్పెట్ అనే సైకిల్ తెచ్చారు. బాగానే ఉంది. కానీ 1888లో డన్‌లప్ గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. కొన్నేళ్ళలోనే స్ప్రింగు ఫ్రేములు దాదాపు మాయం! ఎందుకంటే చిన్న రాయి తగిలినప్పుడు టైరు అక్కడికక్కడే నొక్కుకుంటుంది. చక్రమూ, బండీ, మనిషీ మొత్తం పైకి లేవక్కర్లేదు. నేలకి ఎంత దగ్గరగా, ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచి స్ప్రింగు అది.

మన దగ్గర అదే మార్పు తర్వాత ఎడ్లబండికీ వచ్చింది. పాత ఇనప పట్టాల బదులు రబ్బరు చక్రాలు, జనం నోట్లో టైరు బళ్ళు. ఎడ్లబండిని బాగుచేయాలని దశాబ్దాలపాటు పోరిన మనిషి ఎన్.ఎస్. రామస్వామి. బెంగళూరు ఐఐఎం మొదటి డైరెక్టరు ఆయనే. మేనేజ్‌మెంటు పాఠాలు చెప్పే చోట కూర్చుని ఎద్దు మెడ గురించి ఆలోచించడం చిన్న విషయం కాదు.

ఇక మన నల్ల సైకిల్. 28 అంగుళాల చక్రాలు, ముందుకి వంగిన ఫోర్కు, తోలు సీటు కింద రెండు స్ప్రింగులు. వెనక క్యారేజీ మీద ధాన్యం బస్తా పెట్టుకుని కాలువ గట్టు మీద పోయేవాళ్ళకి అది సరిపోయింది. పెద్ద చక్రం గుంటలో తక్కువ దిగుతుంది మరి. చక్రం చిన్నదైతే సస్పెన్షన్ కావాలి. అందుకే 1962లో అలెక్స్ మౌల్టన్ తన చిన్న చక్రాల సైకిల్‌కి రబ్బరు సస్పెన్షన్ పెట్టాడు.

బెజవాడ రిక్షా సంగతి ఆలోచించారా? ప్యాసింజరు కింద కమాన్ కట్టలు. తొక్కేవాడికి మాత్రం సైకిల్ సీటు స్ప్రింగులే. ముందు చక్రం కుదుపంతా చేతులకి. స్పెసిఫికేషన్ ఎవరు రాశారో వాళ్ళ సౌఖ్యమే డిజైన్లో కనబడుతుంది. మన సాఫ్ట్‌వేర్లోనూ అంతే కదూ :)

మౌంటెన్ బైకులు 1970ల్లో కాలిఫోర్నియా కొండల్లో పుట్టినప్పుడు వాటికీ సస్పెన్షన్ లేదు. లావు టైర్లే. 1989లో రాక్‌షాక్స్ వాళ్ళ ఆర్‌ఎస్-1 ఫోర్కు వచ్చింది. దాని కదలిక రెండంగుళాల లోపే. దానితోనే గ్రెగ్ హెర్బోల్డ్ 1990లో డురాంగోలో డౌన్‌హిల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఇప్పుడు క్రాస్ కంట్రీ బళ్ళకి 100 నుంచి 120 మిల్లీమీటర్లు, డౌన్‌హిల్ బళ్ళకి 200 దాకా ఉంటుంది. పనిని బట్టి కొలత.

ఇంకో మెలిక. స్ప్రింగు ఒక్కటే సస్పెన్షన్ కాదు, ఆ ఊపుని ఆపే డ్యాంపర్ కూడా ఉండాలి. చవక బళ్ళలో ఎగరేసేదే కానీ ఆపేదుండదు. అది తొక్కినప్పుడల్లా కిందికీ పైకీ ఊగుతుంది. మీ కాళ్ళ బలంలో కొంత ఆ ఊగుడుకే ఖర్చు. పైగా రెండు మూడు కిలోల అదనపు బరువు.

కాబట్టి నా సలహా ఇదీ. ఉయ్యూరు నుంచి బందరు రోడ్డు, కాలువ గట్లు, ఆఫీసు దారి అయితే సస్పెన్షన్ లేని సైకిల్ కొని, కాస్త లావు టైర్లు వేయించి గాలి కొంచెం తగ్గించండి. కొండపల్లి, మూలపాడు కొండల్లోకి వెళ్తానంటే ముందు ఫోర్కు 100, 120 చాలు. డబ్బు మంచి డ్యాంపర్ మీద పెట్టండి. వెనక షాకబ్జార్బరు గురించి కొండ దిగేటప్పుడు రాళ్ళ మీంచి దూకడం అలవాటయ్యాక ఆలోచించొచ్చు.

కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ దారిలో కుదుపెంత, అది పడేది ఎవరి మీద? పాతకాలం బండిలో ఆ "ఎవరు" ఎద్దూ, రిక్షావాలా. వాళ్ళనెవరూ అడగలేదు. సైకిల్ మీద తొక్కేదీ మీరే, కూర్చునేదీ మీరే. అడగడానికి మొహమాటమెందుకు?