పహాణీ నుండి భూభారతి దాకా: పేర్లే దారి చూపాలి

రెవెన్యూ దఫ్తరాలతో పరిచయమున్న మన తరం వారికి కంప్యూటరు తెర కొత్తదే గాని, దానిలో వెతికే వరుస కొత్తది కాదు. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు అనే మెట్లు దిగితేనే భూమి వివరం కనబడుతుంది. పూర్వం మండలం చోట తాలూకా ఉండేది, అంతే తేడా.

మెట్లు మారకపోయినా వాటి పేర్లు మారుతూ వచ్చాయి. 1905లో ఎలగందల జిల్లా స్థానంలో కరీంనగర్ జిల్లా వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడి, కొడిమ్యాల మండలం అందులో చేరింది. పాత పాసుపుస్తకం పట్టుకొని వచ్చిన కొడిమ్యాల రైతు అందులో ఉన్నట్లే 'కరీంనగర్' అని నొక్కితే, తన మండలం పేరే కనబడదు. భూమి ఎక్కడికీ పోలేదు, పై మెట్టు పేరు మారింది.

పూర్వం ఈ చిక్కు విప్పేవాడు పట్వారీ. 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఉర్దూలో ఉన్నా, రైతు 'చెరువు కింది తరి' అంటే చాలు, నంబరు ఆయనే చెప్పేవాడు. తరి, ఖుష్కి, కాస్తు, విరాసత్ వంటివి పరభాషా పదాలే అయినా వాడుకలో మన ఊరి మాటలైనాయి. అయితే దారి ఒక్కరి చేతిలో ఉన్నందున ఆయన దయకోసం ఎదురుచూడవలసి వచ్చేదన్నదీ మనమెరిగినదే. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది.

2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. క్రమంగా అందులో మాడ్యూళ్లు 33 అయినాయి. పేరులో ఒక్క అక్షరం దిద్దించుకోవాలన్నా, తన అర్జీ ఏ మాడ్యూలు కిందికి వస్తుందో రైతే ముందు తేల్చుకోవాలి. కష్టం రైతుది, విభజన కార్యాలయానిది. 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతిలో వాటిని 6కు కుదించారు. ఇది మేలే. కాని సంఖ్య తగ్గితే చాలదు, మాటా తెలియాలి. 'సక్సెషన్' అంటే తెల్లబోయే వృద్ధురాలికి 'విరాసత్' అంటే ఇట్టే తెలుస్తుంది.

విశ్రాంత మిత్రులకు ఒక మనవి. మీ ఇరుగుపొరుగు రైతుల పాత కాగితాలను ఒకసారి చూడండి. నేటి జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు ఒక చీటీ మీద రాసి, వాటితో జతచేసి ఇవ్వండి. రేపు వారి పిల్లలకు ఆ చీటీయే దారి చూపుతుంది.