బైబిలు స్త్రీ ఎక్కడ పుట్టింది?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దెక్కాక వెళ్తే కుర్చీ దొరకడం కష్టం. అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు డీఎస్సీకి, గ్రూప్స్‌కి, నర్సు పోస్టులకి తయారవుతూ ఉంటారు. చదువుతో ఆడవాళ్లు ఉద్యోగానికి పోవడం మరీ పాతది కాదు. తెలుగునాట కూలికి పోయే ఆడవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. నాట్లు వేశారు, కలుపు తీశారు, చెరువు మట్టి మోశారు. అక్షరం చేతబట్టుకుని గడప దాటి, నలుగురికి నేర్పి, నెలకింత అని జీతం తీసుకున్న ఆడమనిషి మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలో ఎదిగి వచ్చింది. ఆ తొలి వరసలో నిలబడ్డవాళ్లలో ‘బైబిలు స్త్రీ’ ఒకతె. చర్చి రిజిస్టర్లలో తప్ప చరిత్ర పుస్తకాల్లో ఆమె కనబడేది తక్కువ.

ఆ పేరు లండన్‌లో పుట్టింది. 1857లో ఎలెన్ రాన్యార్డ్ అనే ఆవిడ సెయింట్ గైల్స్ మురికివాడలో ఒక కొత్త పని మొదలుపెట్టింది. పేదల ఇళ్లకు దొరసానుల్ని పంపకుండా, ఆ వాడలోనే పుట్టి పెరిగిన పేద స్త్రీకి జీతమిచ్చి పంపింది. ఇరుగుపొరుగు మనిషికైతే తలుపు తెరుస్తారన్నది ఆమె నమ్మకం. ఆ పద్ధతి మిషనరీలు వెళ్లిన ఎన్నో దేశాలకు వెళ్లింది.

తెలుగు నేల మీద పేరుకంటే ముందే పని ఉంది. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండమీద అయిదుగురు ప్రార్థన చేశారు. ఇవాళ్టికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. మిషనరీలైన జ్యూయెట్ దంపతులు కాక ఉన్న ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లే: జూలియా, రూతు. జూలియా నెల్లూరు మిషను బడిలో చదువుకున్న అమ్మాయి. జ్యూయెట్ దొర పేరు అందరూ చెబుతారు. ఆ చలిలో ఆయనతోపాటు కొండెక్కిన జూలియాను కూడా అదే గొంతుతో తలచుకోవాలి.

ఆడదానికి బోధించే హక్కు తెల్లవాళ్లే తెచ్చిచ్చారనుకుంటే పొరపాటు. ఒంగోలు ప్రాంతంలో మాదిగల మధ్య క్రైస్తవాన్ని మొదట ప్రచారం చేసింది యెర్రగుంట్ల పేరయ్య. ఆయన అంతకుముందు యోగం నేర్చుకున్నది బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా 1899లో అచ్చయిన తన పుస్తకంలో వీరమ్మ సంగతి రాసిపెట్టింది. స్త్రీని గురువుగా ఎంచి మొక్కిన పల్లెలు ఆ తరవాత బైబిలు స్త్రీని వాకిట్లోకి రానివ్వడంలో ఆశ్చర్యం లేదు.

పనేమిటంటే నడవడం. సంచిలో సువార్త పుస్తకాలు, తొలి వాచకం వేసుకుని వాడవాడకీ తిరగడం. పరదా పాటించే ఇళ్లలోకి మగ బోధకుడికి ప్రవేశం లేదు. బైబిలు స్త్రీ లోపలికి వెళ్లి పాట పాడేది, కథ చెప్పేది, కోడళ్లకు అక్షరాలు దిద్దించేది. జబ్బుపడ్డవాళ్లను ఆసుపత్రికి పోదాం రమ్మనేది. వీళ్లలో చాలామంది వితంతువులు, బోధకుల భార్యలు. చేతికొచ్చేది కొద్దిపాటి జీతమే, పైన దొరసాని అజమాయిషీ. మతం మార్చడమే మిషను అసలు ఉద్దేశమన్నదీ దాచవలసింది కాదు. అయినా మొగుడు పోయిన ఆడది తన సంపాదన మీద తాను బతికింది. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

గుంటూరులో ఈ కథ మరో మలుపు తిరిగింది. లూథరన్ మిషను 1883లో పంపిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ వచ్చింది పరదా ఇళ్లలో పని కోసం. వైద్యురాలిగా ఆమె నియామకం తరవాతి మాట. 1898లో ఆసుపత్రి తెరిచింది. అక్కడ తెలుగు అమ్మాయిలకు నర్సు పని నేర్పారు. 1930లో ఆమె గుంటూరులోనే చనిపోయింది. ఆసుపత్రి ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది.

హైదరాబాదులో మెథడిస్టులు 1895లో స్టాన్లీ బాలికల పాఠశాల పెట్టారు. 1904లో గన్‌ఫౌండ్రీలో రోజరీ కాన్వెంటు వచ్చింది. సర్కారు బళ్లలో ఉర్దూ నడిచే ఆ నగరంలో ఆడపిల్లకు తెలుగులో చదువు కావాలని ఆంధ్రోద్యమ నాయకుడు మాడపాటి హనుమంతరావు పట్టుబట్టారు. 1928లో ఆయన ఆరంభించిన బడి నారాయణగూడలో నేటికీ నడుస్తోంది. అది మిషను బడి కాదు. కానీ ఆడపిల్ల చదువు అవసరమని క్రైస్తవులు, ఆంధ్రోద్యమ నాయకులు వేర్వేరు దారుల్లో ఒకే నగరంలో నిరూపించారు.

ఇక సముద్రం అవతలి కథ. 1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుంచి 342 మంది కూలీలను దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేర్చింది. 1911 దాకా గిరిమిట్ అనే కూలి ఒప్పందం మీద, డర్బన్ ఉన్న నటాల్‌కు వెళ్లినవాళ్లు 1,52,184 మంది. వాళ్లలో విశాఖ, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు బోలెడు. ఆడకూలీకి కూలీ, రేషనూ మగవాడి దాంట్లో సగమే. 1895 చట్టం ప్రకారం ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోతే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి, ఆడవాళ్లతో సహా. 1913లో అక్కడి భారతీయ కూలీలు చేసిన సమ్మె తరవాత, 1914లో గానీ ఆ పన్ను పోలేదు.

అక్కడి తెలుగు క్రైస్తవులు తమకో బోధకుణ్ని పంపమని స్వదేశానికి రాశారు. తెలుగు బాప్టిస్టుల స్వదేశీ మిషను సంఘమే 1903లో నెల్లూరు మనిషి జాన్ రంగయ్యను పంపింది. ఆయన వెంట భార్య కనకమ్మ. కియర్స్‌నీ టీ తోటలో ఆ ఏడాదే తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. స్త్రీల మధ్య పని కనకమ్మ చూసుకుంది. నెల్లూరులో నేర్చిన చదువూ పాటా ఇలా ఆఫ్రికా తోటల్లోని తెలుగు ఆడవాళ్లకు చేరాయి. రంగయ్య 1915లో కన్నుమూసినా సంఘాలు నిలిచాయి. ఎన్నో పుస్తకాలు రంగయ్యను తొలి తెలుగు విదేశీ మిషనరీ అంటాయి. ఆయన వెంట సముద్రం దాటిన కనకమ్మకూ ఆ గౌరవంలో సమానవాటా దక్కాలి.

కనకమ్మ ఆఫ్రికా వెళ్లిన నూట పదేళ్లకు, 2013లో, ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పీఠమెక్కిన తొలి మహిళ ఆమె. ఇంత దూరం నడిపించిన బైబిలు స్త్రీల పేర్లు చాలామటుకు ఎక్కడా అచ్చుకాలేదు. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో మిషను బడిలో టీచరుగా, ఆసుపత్రిలో నర్సుగా, సంఘంలో బైబిలు స్త్రీగా పనిచేసి ఉంటే ఆమె పేరు, ఊరు, పనిచేసిన ఏళ్లు ఒక కాగితం మీద రాసిపెట్టండి. పాత ఫొటో ఉంటే దాని వెనక పేరు రాయండి. మీ సంఘం రిజిస్టరు చెదలు పట్టకముందే ఆ పేజీలు ఫొటో తీయించండి.