టోక్యో గుడి వెనక వస్తాదు

టోక్యోలో మేమున్న ఓతా వార్డులో ఇకెగామి హొన్మొన్‌జీ అని పెద్ద బౌద్ధాలయం ఉంది. 96 రాతిమెట్లెక్కి, గుడి దాటి వెనక శ్మశానంలోకి వెళ్తే, సమాధుల మధ్య చొక్కా లేకుండా, చేతులు కట్టుకుని, ఛాతీ విరుచుకున్న కంచు మనిషి కనిపిస్తాడు. దేవుడు కాడు, సేనాపతి కాడు. రికిదోజాన్ అనే కుస్తీ వస్తాదు. చెప్పులచప్పుడు కూడా వినపడకుండా నడిచే ఇలాంటి చోట కండలు చూపించే విగ్రహానికి గుడి పెద్దలు ఎలా ఒప్పుకున్నారా అని నాకు ఆశ్చర్యమేసింది.

మా వీధి కూరగాయల కొట్టు ముసలాయన్ని అడిగాను. ఆయన నోటితో జవాబు చెప్పలేదు. చేతిలో ముల్లంగి కింద పెట్టి, కుడిచేతి వేళ్లు బిగించి, గాల్లో అడ్డంగా ఒక్క వేటు వేశాడు. రికిదోజాన్ దెబ్బంటే అదే. కరాటే చాప్ అనేవారు. ఆయన ఈడు మగాళ్లు చిన్నప్పుడు తమ్ముళ్ల మీద ఆ దెబ్బ వెయ్యకుండా పెరగలేదట.

యుద్ధంలో ఓడిపోయాక జపాన్‌ని అమెరికా సైన్యం 1952 దాకా ఏలింది. మరుసటి ఏడాది టీవీ వచ్చింది. కొనే స్తోమత ఎవరికుంది? అందుకని నిప్పన్ టెలివిజన్ వాళ్లు స్టేషన్ల ముందు, కూడళ్లలో టీవీలు నిలబెట్టారు. 1954 ఫిబ్రవరి 19న రికిదోజాన్, జూడో వీరుడు కిమురా కలిసి షార్ప్ అన్నదమ్ములనే ఇద్దరు తెల్ల ఆజానుబాహులతో తలపడ్డారు. ఆ పూట షింబాషి స్టేషన్ ముందు జనం 20 వేలంటారు. ఫొటోలు చూస్తే నమ్మొచ్చనిపిస్తుంది. మా విజయనగరంలో పైడితల్లమ్మ పండగకి సిరిమాను కదిలే వేళ మూడులాంతర్ల దగ్గర ఎలా ఉంటుందో అలాగే. తలలు తప్ప నేల కనపడదు, అందరి మొహాలూ ఒక్క వైపే. నేను సిరిమాను చూసి చాలా ఏళ్లయింది. పండగ రోజున అమ్మ వీడియో కాల్ చేసి ఫోను పైకెత్తి పట్టుకుంటుంది, నాకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. అయినా పెట్టెయ్యను.

ఇంతకీ ఆ షార్ప్ అన్నదమ్ములది కెనడా. జనానికి ఆ లెక్కలెందుకు? తెల్లవాడైతే అమెరికావాడే. తొమ్మిదేళ్ల కిందట చేతులెత్తేసిన దేశం, మనవాడొకడు ఆ వీపుల మీద చరుస్తుంటే కేకలు పెట్టింది. ఈ రకం కుస్తీలో ఎవరు నెగ్గాలో ముందే మాట్లాడుకుంటారు. అదే ఏడాది డిసెంబరులో కిమురాతోనే పోటీ పడినప్పుడు, డ్రా అనుకున్న ఒప్పందం మధ్యలో తప్పి రికిదోజాన్ నిజంగానే కొట్టాడని కిమురా తర్వాత చెప్పుకున్నాడు. నాకు ఈ మనిషి మీద గౌరవం కాస్త తగ్గేది ఇక్కడే. జనానికి తగ్గలేదు. 1963 మేలో డిస్ట్రాయర్ అనే ముసుగు వస్తాదుతో పోటీని 64 శాతం ఇళ్లలో చూశారు.

ఇక అసలు సంగతి. ఆ మనవాడు జపానువాడు కాడు.

ఇప్పటి ఉత్తర కొరియాలో పుట్టిన కిమ్ సిన్-రాక్ ఆయన. కొరియా జపాన్ చేతికింద ఉన్న రోజుల్లో సుమో నేర్చుకోవడానికి కుర్రాడిగా ఇక్కడికి వచ్చాడు. సెకివాకె అనే పెద్ద హోదా దాకా ఎక్కి, 1950లో తన సుమో జుట్టుముడి తనే కోసేసుకుని బయటకొచ్చాడు. నాగసాకి జిల్లా ఒమురాలో మొమోతా వారింట పుట్టినట్టు కాగితాల్లో రాయించారు. ఆ కాలంలో కొరియావాడికి ఇక్కడ ఇల్లు అద్దెకు దొరకడమే కష్టం, ఇక దేశం పరువు భుజానేసుకునే వీరుడి వేషం ఎవరిస్తారు? బతికున్నంతకాలం ఆ గుట్టు కాపాడుకున్నాడు. 1963 జనవరిలో దక్షిణ కొరియా వెళ్లినప్పుడు, సరిహద్దులో పన్‌మున్‌జొమ్ దగ్గర, ఆ చలిలో చొక్కా విప్పేసి ఉత్తరం వైపు తిరిగి అన్నల్ని కేకేశాడంటారు. ఆ డిసెంబరు 8న అకసాకాలో ఒక నైట్‌క్లబ్బులో యకూజా అనే నేరముఠా కుర్రాడొకడితో మాటామాటా పెరిగి కడుపులో కత్తిపోటు తిన్నాడు. వారానికి, 15న, పోయాడు. కాగితాల వయసు ప్రకారం 39.

ఆఫీసులో నా పేరు నోరు తిరక్క ‘రావు-సాన్’ అనేస్తారు. నేనూ సరేనన్నాను. కానీ ఊరు ఏదంటే విజయనగరం అని దర్జాగా చెబుతాను, ఎవడూ మొహం తిప్పుకోడు. నాకున్న ఈ సౌఖ్యం జపాన్ నెత్తిన పెట్టుకున్న వీరుడికి లేకపోయింది. ఇంకో విడ్డూరం. ఆ గుడి 96 మెట్లు కట్టించింది కాతో కియొమాసా. 1592లో కొరియా మీదకి దండెత్తిన సేనాపతుల్లో ఒకడు.

మన వైపు వస్తాదు కోడి రామ్మూర్తినాయుడికి ఇలాంటి దాపరికం అవసరం పడలేదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సొంత పేరుతోనే సర్కస్ నడిపాడు. “గుండెల మీద ఏనుగునెక్కించుకున్నాడ్రా బాబూ, రెండు చేతులకీ రెండు కార్లు కట్టి ఆపేశాడు” అని మా తాత చెబుతుంటే మాకు అన్నం చల్లారిపోయేది. ఆయన బలం ఒప్పందాల బలం కాదు, సందేహం లేదు. కానీ 1942లో పోయిన ఆయన గురించి మనకి మిగిలిందేమిటి? విశాఖ బీచిలో విగ్రహం, శ్రీకాకుళంలో స్టేడియం, తాతల మాటలు. ఏ ఊళ్లో ఏ తేదీన ఏం చేశాడో వరసగా చెప్పగల పుస్తకం కోసం నేను వెతుకుతూనే ఉన్నాను.

జపాన్‌వాళ్లు రికిదోజాన్ పోటీల్ని తేదీలతో సహా రాసిపెట్టుకున్నారు. అలా తవ్వితవ్వే, ఆయన పోయాక కొరియా సంగతీ బయటపెట్టుకున్నారు. దాంతో ఆయన్ని దించెయ్యలేదు. శిష్యుల్లో జెయింట్ బాబా, ఆంటోనియో ఇనోకి ఇక్కడి కుస్తీని మరో మూడు దశాబ్దాలు నడిపారు. ఇనోకి 1995లో ప్యాంగ్యాంగ్ వెళ్లి, గురువు పుట్టిన దేశంలో కుస్తీపోటీలు పెట్టి వచ్చాడు.

అందుకే మీకో విన్నపం. విజయనగరం, వీరఘట్టం, పార్వతీపురం వైపు పాత పెట్టెల్లో రామ్మూర్తినాయుడి సర్కస్ కరపత్రం గానీ, టిక్కెట్టు ముక్క గానీ, ఒక్క ఫొటో గానీ కనబడితే పారెయ్యకండి. వెనకాల తేదీ, ఊరు ఉన్నాయేమో చూసి, ఫొటో తీయించి, అసలు కాగితాన్ని జిల్లా గ్రంథాలయంలో ఇవ్వండి.