వెంటాడేది ఎవరు? నీడ్ ఫర్ స్పీడ్ ఆటల మూడు దశాబ్దాలు

1999లో ప్లేస్టేషన్ మీద విడుదలైన 'నీడ్ ఫర్ స్పీడ్: హై స్టేక్స్'లో ఒక పందెం ఉండేది. ఇద్దరు ఆటగాళ్లు ఎవరి మెమరీ కార్డు వాళ్లు తెచ్చుకుని కన్సోల్‌కి తగిలించాలి. తమ గ్యారేజీలోంచి చెరో కారు పందెం ఒడ్డాలి. రేసు ముగియగానే ఓడినవాడి కారు అతని కార్డులోంచి చెరిగిపోయి, గెలిచినవాడి కార్డులోకి చేరిపోయేది. ఎన్నో రేసులు గెలిచి, డబ్బు కూడబెట్టి కొనుక్కున్న కారు అలా కళ్లముందే పోయేది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఆటతో పోలిస్తే బొమ్మల్లో పెద్ద తేడా లేదు. స్టీరింగ్ తిరిగే తీరూ ఇంచుమించు అదే. అయినా ఆఖరి మలుపు దగ్గర ఆటగాడికి పట్టే చెమట మాత్రం కొత్తది.

రేసింగ్ ఆటల సీక్వెల్స్ మీద ఎప్పుడూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. ఏటా కొత్త పేరు తగిలిస్తారు, నాలుగు కొత్త కార్లు చేరుస్తారు, రోడ్డుకి కాస్త మెరుపు పెంచుతారు, మళ్లీ పూర్తి ధరకు అమ్ముతారు అని. ఆ ఫిర్యాదులో నిజముంది. రోడ్డు, కారు, గమ్యం, ఈ మూడింటితో కొత్త కథ పుట్టించడం ఎవరికైనా కష్టమే. 1994 నుంచి 2022 వరకు ఇరవైకి పైగా ప్రధాన ఆటలు తెచ్చిన నీడ్ ఫర్ స్పీడ్‌ని వరసగా చూస్తే ఏది నిజంగా కొత్తది, ఏది పాతదానికే రంగు అన్నది తేల్చే కొలమానం ఒకటి దొరుకుతుంది. ఆటగాడు ఎవరితో పోటీ పడుతున్నాడు? ఆ ప్రశ్నకు జవాబు మారిన ప్రతిసారీ ఈ వరసలో కొత్త ఆట పుట్టింది. జవాబు మారనప్పుడు కార్ల జాబితా మాత్రమే పెరిగింది.

మొదటి ఆట కూడా శూన్యంలోంచి రాలేదు. కెనడాలోని డిస్టింక్టివ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ 1987లో 'టెస్ట్ డ్రైవ్' అనే ఆట చేసింది. కొండ అంచున రెండు వరసల రోడ్డు, ఎదురుగా వచ్చే వాహనాలు, డాష్‌బోర్డు మీద రాడార్ డిటెక్టర్. అది మోగిందంటే ముందు పోలీసు ఉన్నట్టే. అప్పటికి చాలా రేసింగ్ ఆటలు సర్క్యూట్‌లో చక్కర్లు కొట్టించేవి. ఇది మాత్రం మామూలు రోడ్డు మీద తప్పు చేస్తున్నామన్న భయాన్ని ఆటలోకి తెచ్చింది. 1991లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆ సంస్థను కొనేసి ఈఏ కెనడాగా మార్చింది. అక్కడివాళ్లే 1994లో త్రీడీఓ కన్సోల్ కోసం 'ది నీడ్ ఫర్ స్పీడ్' తయారు చేశారు.

అందులో ఉన్నవి ఎనిమిదే కార్లు. లంబోర్గినీ డయాబ్లో, ఫెరారీ 512 టీఆర్, పోర్షా 911, డాడ్జ్ వైపర్ వంటివి. 'రోడ్ అండ్ ట్రాక్' అనే అమెరికన్ కార్ల పత్రికతో కలిసి పనిచేసి ఒక్కో కారు నడిచే తీరు వేరుగా ఉండేలా చూశారు. గేరు మార్చేటప్పుడు లీవరు చేసే చప్పుడును కూడా పట్టించుకున్నారు. ఎనిమిదే అయినా దేనికదే వేరు. వందల కార్లున్న తర్వాతి కాలపు ఆటల్లో చాలామందికి నచ్చిన రెండు మూడు కార్లు తప్ప మిగతావి గుర్తుండవు. ఈ ఎనిమిదీ ఆడినవాళ్లకు పేరుపేరునా గుర్తుంటాయి.

1997లో వచ్చిన రెండో ఆటలో మెక్‌లారెన్ ఎఫ్1 వచ్చింది, పోలీసులు పోయారు. నడపడం తేలికైంది. అందంగా ఉండేది, వేగంగా ఉండేది, వెనక తరిమేవాడే లేడు. ఆ లోటు చేసినవాళ్లకే తెలిసిందేమో, 1998లో 'హాట్ పర్సూట్' పోలీసులను మళ్లీ తెచ్చింది. రోడ్డుకి అడ్డంగా కార్లు నిలపడం, టైర్లు చీల్చే ముళ్ల పట్టీలు పరవడం, రేడియోలో వాళ్ల మాటలు వినపడడం దీంతో వచ్చాయి. వీటికంటే పెద్ద మార్పు, ఆటగాడు తానే పోలీసుగా ఆడే వీలు. అదే రోడ్డు, అవే కార్లు. కానీ ముందు పారిపోవడానికి వాడిన అడ్డదారి ఇప్పుడు అడ్డగించడానికి పనికొస్తుంది. కుర్చీ మారితే రోడ్డంతా కొత్తగా కనపడుతుందని ఆ ఆట చూపించింది.

మరుసటి ఏడాదే హై స్టేక్స్. కారుకి తగిలిన దెబ్బ వల్ల నడకలో తేడా వచ్చేది, బాగుచేయించడానికి డబ్బు కట్టాల్సి వచ్చేది. గోడకి రాసుకుంటూ మలుపు తిరిగే పాత అలవాటుకి ఇప్పుడు ఖరీదుంది. 2000లో 'పోర్షా అన్‌లీష్డ్' ఇంకా సాహసించింది. ఫెరారీలు లేవు, లంబోర్గినీలు లేవు. 356తో మొదలై 2000 నాటి మోడళ్ల వరకు ఒకే కంపెనీ అర్ధ శతాబ్దపు కార్లు. ఇంజిన్ వెనక ఉన్న కారు మలుపులో ఎలా ప్రవర్తిస్తుందో ఆ ఆట నేర్పింది. మలుపు మధ్యలో ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం బయటికి విసురుకుపోతుంది. మలుపుకి ముందే బ్రేకు వేసి, తిరుగుతుండగా మెల్లగా వేగం పెంచుకోవాలి. అది చేతికి అలవాటయ్యేదాకా ఆటగాడికి ప్రత్యర్థి పక్క కారు కాదు, తను కూర్చున్న కారే. పాత పోర్షాలు సెకండ్ హ్యాండులో కొని బాగుచేసుకోవచ్చు, కంపెనీ టెస్ట్ డ్రైవర్‌గా పరీక్షలు నెగ్గవచ్చు. ఈ మొత్తం వరసలో బాగా ఆలోచించి చేసిన ఆట ఏదంటే చాలామంది దీని పేరే చెబుతారు, ఆ మాట తప్పు కాదు. పోర్షా పేరు వాడుకునే హక్కు ఆ తర్వాత 2016 దాకా దాదాపుగా ఈఏ గుప్పిట్లోనే ఉండిపోయింది. అందుకే ఎన్నో పోటీ ఆటల్లో పోర్షా స్థానంలో రూఫ్ అనే మరో సంస్థ కార్లు కనిపించేవి.

2001లో 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమా వచ్చింది. 2003లో 'అండర్‌గ్రౌండ్' వచ్చింది. వాంకూవర్ స్టూడియో బ్లాక్ బాక్స్ చేసిన ఈ ఆటలో పగలు లేదు, పోలీసులు లేరు, కోట్ల రూపాయల కార్లు లేవు. హోండా సివిక్, మిత్సుబిషి ఎక్లిప్స్, నిస్సాన్ స్కైలైన్ వంటి కార్లకు బంపర్లు, స్పాయిలర్లు, నియాన్ లైట్లు, స్టిక్కర్లు తగిలించుకోవాలి. ఆటగాడు గంటల కొద్దీ గ్యారేజీలోనే గడిపేవాడు. రేసులో ఎంత ముందున్నాడన్నదాంతో పాటు కారు ఎలా కనిపిస్తోందన్నదీ లెక్కలోకి వచ్చింది. సినిమా చూసి చేసిన ఆట అన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆలోచన అరువుదే కావచ్చు, రేసింగ్ ఆటలో దాన్ని అమర్చిన తీరు మాత్రం సొంతమే. మరుసటి ఏడాది 'అండర్‌గ్రౌండ్ 2' బేవ్యూ అనే ఊరంతా తిరగనిచ్చింది. రేసు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లడం కూడా ఆటలో భాగమైంది.

తెలుగు ఊళ్లలో ఈ వరస పేరు ఎక్కువగా మోగింది సరిగ్గా ఈ కాలంలోనే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్లు, నెట్ సెంటర్లు, ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లు దానికి వేదికలు. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లో సెట్టింగులన్నీ కిందికి దించి ఆడేవారు. నీడలుండవు, అద్దంలో ప్రతిబింబం ఉండదు, ఆట మాత్రం ఉంటుంది. అలా ఆడినవాళ్లలో ఎక్కువమంది నోట వినపడే పేరు 2005 నాటి 'మోస్ట్ వాంటెడ్'.

ఆ అభిమానానికి కారణం ఉంది. అండర్‌గ్రౌండ్ తెచ్చిన గ్యారేజీ, ఊరంతా తిరిగే స్వేచ్ఛ, హాట్ పర్సూట్ తెచ్చిన పోలీసులు ఈ ఆటలో ఒక్కచోట కలిశాయి. కలిపి ఊరుకోలేదు. మొదట్లోనే రేజర్ అనేవాడు ఆటగాడి బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్‌ని మోసంతో గెలుచుకుపోతాడు. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే బ్లాక్‌లిస్టు అనే రేసర్ల జాబితాలోని పదిహేను మందినీ ఒకరి తర్వాత ఒకరిని ఓడించాలి. ఒక్కొక్కరినీ సవాలు చేసే అర్హత రావాలంటే రేసులు గెలిస్తే చాలదు, పోలీసులను కూడా రెచ్చగొట్టాలి. ఎన్ని పోలీసు కార్లు చెడగొట్టాడు, ఎంతసేపు తప్పించుకు తిరిగాడు, తలకెంత వెల పలికింది అన్నవన్నీ లెక్క. అంతకు ముందు పోలీసు రేసుకి అడ్డం. ఇక్కడ ఆటగాడే పోలీసును వెతుక్కుంటూ వెళ్తాడు.

వెంటాట నడిచే క్రమాన్ని దగ్గరగా చూస్తే పనితనం తెలుస్తుంది. మొదట ఒకటో రెండో మామూలు కార్లు. తప్పించుకోకుండా అలాగే తిరుగుతుంటే తీవ్రత ఒక్కో మెట్టూ పెరుగుతుంది. బరువైన ఎస్‌యూవీలు ఎదురుగా వచ్చి గుద్దుతాయి, ముళ్ల పట్టీలు పడతాయి, పైన హెలికాప్టర్ తిరుగుతుంది. రోడ్డు పక్కన డోనట్ దుకాణం మీది పెద్ద బొమ్మనో నీళ్ల ట్యాంకునో గుద్దితే అది వెనకొచ్చే పోలీసుల మీద కూలుతుంది. చివరికి అందరి చూపూ తప్పించుకున్నాక కూడా అయిపోదు. ఇంజిన్ ఆపినట్టు ఒక మూల నక్కి, తెరమీది గీత నిండేవరకు ఆగాలి. ఆ కొద్ది క్షణాల్లో పక్క సందులోంచి ఒక పోలీసు కారు నెమ్మదిగా వెళ్తుంటే కీబోర్డు మీద వేళ్లు బిగుసుకుపోతాయి. వేగం మీద బతికే ఆటలో కదలకుండా ఉండటం అంత ఉత్కంఠగా చేయగలగడం గొప్ప ఆలోచన.

తర్వాత జరిగింది చూస్తే బాధేస్తుంది. 2002లో హాట్ పర్సూట్ 2 ప్లేస్టేషన్ 2 రూపంతో మొదలుపెట్టిన బ్లాక్ బాక్స్ స్టూడియో ఏడాదికొకటి చొప్పున ఏడు ఆటలు చేసింది. 'కార్బన్' 2006లో కొండ దారుల్లో ద్వంద్వ పోటీలూ తోడుగా వచ్చే జట్టూ తెచ్చింది. బాగానే ఉంది గానీ పోలీసులూ గ్యారేజీ పాతవే. 2007లో 'ప్రోస్ట్రీట్' వీధుల్ని వదిలి చట్టబద్ధమైన ట్రాకుల మీదికి వెళ్లింది. 2008 నాటి 'అండర్‌కవర్' మోస్ట్ వాంటెడ్‌నే మళ్లీ చేయబోయి, తడబడే బొమ్మలతో, ఖాళీగా అనిపించే ఊరితో తేలిపోయింది. ఒకే స్టూడియోని ఊపిరాడకుండా ఏటా పరుగెత్తించడమే నాణ్యత పడిపోవడానికి కారణమని ఈఏ అధిపతి జాన్ రిక్కిటియెల్లో తర్వాత బహిరంగంగానే ఒప్పుకున్నారు. చేసేవాళ్లకు ఆలోచనలు కరువై కాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో దుకాణంలో పెట్టె ఉండి తీరాలన్న క్యాలెండరు వాళ్లను ఆలోచించనివ్వలేదు. ఆటగాళ్లు తిట్టింది స్టూడియోని. ఆ తిట్లు చెందాల్సింది క్యాలెండరుకి. బ్లాక్ బాక్స్ 2013లో మూతపడింది.

కొత్త గాలి బయటి నుంచి వచ్చింది. లండన్‌లోని స్లైట్లీ మ్యాడ్ స్టూడియోస్ 2009లో 'షిఫ్ట్' చేసి, హెల్మెట్ లోపలి నుంచి ట్రాకును చూపించింది. ఇంగ్లండులోనే గిల్‌ఫర్డ్‌లో ఉన్న క్రైటీరియన్, అంటే 'బర్నౌట్' ఆటలు చేసినవాళ్లు, 2010లో మళ్లీ 'హాట్ పర్సూట్' పేరుతోనే ఒక ఆట చేశారు. పోలీసులూ రేసర్లూ ఇద్దరి చేతుల్లోనూ ఆయుధాలున్నాయి. అసలు మార్పు ఆటోలాగ్ అనే ఏర్పాటు. ఒక రేసులో స్నేహితుడు మన సమయాన్ని దాటగానే ఆ సంగతి మన తెర మీద ప్రత్యక్షమయ్యేది, అదే రేసు మళ్లీ ఆడమని పిలిచేది. ఆ స్నేహితుడు అప్పుడు ఆన్‌లైన్‌లో ఉండనక్కర్లేదు, నిద్రపోతూ ఉండవచ్చు. అతను వదిలిన అంకె చాలు. పోటీకి ఇద్దరూ ఒకేసారి ఉండాలన్న నియమం పోయింది. తర్వాత ఎన్నో ఆటలు ఈ పద్ధతిని అనుసరించాయి.

మన దగ్గర క్రాక్ చేసిన కాపీల మీద ఆడినవారికి ఈ మార్పు అసలు కనపడనే లేదు. ఆన్‌లైన్ లేని హాట్ పర్సూట్ అంటే అందమైన కొండలూ కొన్ని రేసులూ మాత్రమే. మోస్ట్ వాంటెడ్‌లోని కొత్తదనమంతా డిస్కులోనే ఉంది, ఎక్కడైనా పనిచేసింది. ఇక్కడి ఆటగాళ్ల జ్ఞాపకంలో 2005 దగ్గరే ఈ వరస ఆగిపోయినట్టుండడానికి ఇదీ ఒక కారణం.

క్రైటీరియన్ 2012లో 'మోస్ట్ వాంటెడ్' పేరుని తీసుకున్నప్పుడు దెబ్బతింది. దాదాపు అన్ని కార్లూ మొదటినుంచే ఊళ్లో అక్కడక్కడా నిలిపి ఉంటాయి, కనపడినదాన్ని ఎక్కి నడపవచ్చు. ఆలోచన కొత్తదే. కానీ కారు సంపాదించుకోవడం, దాన్ని తనదిగా మలచుకోవడం పోయాయి. పాత పేరు పెట్టి పాత ఆటలోని ప్రాణాన్ని తీసేస్తే ఆటగాడికి కోపం రావడంలో అన్యాయం లేదు. 2013లో స్వీడన్‌లోని ఘోస్ట్ గేమ్స్ 'రైవల్స్' చేసింది. 2014లో నీడ్ ఫర్ స్పీడ్ పేరుతో సినిమా వచ్చింది గానీ ప్రధాన ఆట రాలేదు. 2015 నాటి ఆట ఎప్పుడూ ఆన్‌లైన్‌లోనే ఉండాలంది, ఒంటరిగా ఆడుతున్నా మధ్యలో ఆపుకునే పాజ్ కూడా లేదు. 2017 నాటి 'పేబ్యాక్' కారు బలాన్ని స్పీడ్ కార్డులకు ముడిపెట్టింది. ఏ కార్డు వస్తుందో అదృష్టం. ఇంజిన్ బాగుపడాలంటే గ్యారేజీలో బుర్ర పెట్టాలి గానీ లాటరీ తిప్పడమేమిటన్న ఆటగాళ్ల ఆగ్రహం న్యాయమైనదే, ఈఏ కొంత సర్దుబాటు చేసుకోక తప్పలేదు.

2019లో 'హీట్' హై స్టేక్స్ స్వభావాన్ని మరో రూపంలో తిరిగి తెచ్చింది. పగలు అనుమతి ఉన్న రేసుల్లో డబ్బు, రాత్రి దొంగ రేసుల్లో పేరు. రాత్రి ఎంత ఎక్కువసేపు బయట తిరిగితే పేరు అంత హెచ్చవుతుంది, పోలీసుల ఒత్తిడీ అంతే పెరుగుతుంది. ఇల్లు చేరేలోపు దొరికిపోతే ఆ హెచ్చు పోతుంది. ఇంకొక్క రేసు ఆడాలా, ఇంటికి వెళ్లాలా అన్న నిర్ణయం రేసు కంటే కష్టం.

2022 డిసెంబరులో క్రైటీరియన్ చేసిన 'అన్‌బౌండ్' టైర్ల పొగని గోడమీది గ్రాఫిటీలా గీసి చూపించింది. పత్రికలు, ప్రచార చిత్రాలు ఎక్కువగా మాట్లాడింది ఆ బొమ్మల గురించే. అంతగా ఎవరూ చెప్పుకోని మార్పు మరొకటుంది. ఓడిన రేసుని మళ్లీ మొదటినుంచి ఆడే అవకాశాలు రోజుకి కొన్నే. పక్క కారుతో ముందే పందెం కాసి ఉంటే ఆ డబ్బూ పోతుంది. వారం చివర పెద్ద పోటీకి రుసుము కట్టాల్సిన డబ్బు అది. ఓటమికి మళ్లీ ఖరీదు వచ్చింది. 2023లో ఈఏ ఆ స్టూడియోలోని ఎక్కువమందిని 'బ్యాటిల్‌ఫీల్డ్' పనికి మళ్లించింది. చిన్న జట్టు మిగిలి, 2024లోనూ అన్‌బౌండ్‌కి పోలీసు ఆటలతో సహా కొత్త భాగాలు చేరుస్తూ వచ్చింది. ఏటా కొత్త పెట్టె అమ్మడం కంటే ఆటగాళ్ల దగ్గరున్న ఆటనే పెంచడం మంచి పద్ధతి. బ్లాక్ బాక్స్‌కి 2006లో అలాంటి వీలు దొరికి ఉంటే అండర్‌కవర్ చేయాల్సిన అవసరమే వచ్చేది కాదు.