గాజుతొట్టిలో సాగరకుసుమము

చూచుటకు వికసించిన పువ్వువలె నుండి, తాకినంతనే ముడుచుకొని మెత్తని ముద్దయై పోవు సముద్రపు ఎనిమోను మొక్క కాదు, జంతువు. దానికి కన్నులు లేవు, ఎముకలు లేవు. ఆహారము పోవుటకును శేషము వెడలుటకును ఉన్న ద్వార మొక్కటే. దినమునకు రెండు పర్యాయములు నీరు తీసిపోయినను, ఎండకును వానకును అలల తాకిడికిని ఓర్చి తీరశిలల నంటిపెట్టుకొని బ్రతుకగల యీ ప్రాణి, పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలమున ఇంగ్లండులోని గృహస్థుల గాజుతొట్లను చేరిన పిమ్మట తరచుగా అల్పకాలముననే కుళ్లి నశించుచు వచ్చెను. ప్రాణి సౌకుమార్యము దీనికి హేతువు కాదు. ఒకమారు పోసిన నీరే సముద్రమై నిలుచునని నమ్మిన మనుష్యుల తొందరపాటే హేతువని నా నిశ్చయము.

ఏలయన, అంతకు ముందే స్కాట్లండులో దీనికి విరుద్ధమైన నిదర్శన మొకటి కలదు. సర్ జాన్ డాలియెల్ అను ప్రకృతిశాస్త్రవేత్త 1828 ఆగస్టులో నార్త్ బెర్విక్ తీరమున ఒక ఎనిమోనును సేకరించి, ఎడింబరోలోని తన గృహమున గాజుపాత్రలో నుంచెను. కూలివాడొకడు వారమునకు రెండుమూడు మారులు మట్టికూజాతో సముద్రజలమును మోసికొని వచ్చుచుండగా, పాత్రలోని నీటిని డాలియెల్ అనుదినమును మార్చుచుండెను. ఆయన పద్ధతి యంతయు నింతే. 1851లో ఆయన గతించిన పిమ్మట ఆ ప్రాణి ప్రొఫెసర్ జాన్ ఫ్లెమింగు చేతికిని, అటుపై డాక్టరు మెక్‌బెయిన్ చేతికిని, తుదకు ఎడింబరో రాయల్ బొటానిక్ గార్డెను అధికారుల చేతికిని వచ్చి, 'అవ్వ' యను ముద్దుపేరుతో ప్రఖ్యాతి గాంచెను. పక్షమునకొకసారి సగము ఆల్చిప్ప మాంసము దాని గ్రాసము. 1857 వసంతమున ఒక్క రాత్రిలో అది 230కి పైగా పిల్లలను కనెను. చూడవచ్చినవారి సంతకములకై ప్రత్యేకముగా ఒక పుస్తకమును నుంచిరి. 1887 ఆగస్టులో అది మరణించునప్పటికి పట్టుకొని తెచ్చిన నాటినుండియే 59 సంవత్సరములు గడచినవి. దానిని పోషించిన పండితుల పేర్లన్నియు గ్రంథస్థమైనవి. కూజా మోసిన కూలివాని పేరు మాత్రము నేనెచ్చటను చూడలేదు.

1846లో టార్కీ తీరమునుండి పవడపు జాతి జీవులను లండనుకు తెచ్చిన ఆనా థిన్ అను నామె కథయు నిట్టిదే. ఉన్న కొద్దిపాటి సముద్రజలమును తెరచిన కిటికీకడ ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి చాలసేపు మార్చి మార్చి పోయించి, గాలి సోకునట్లు చేసి ఆమె వానిని బ్రతికించెను. ఆ శ్రమ యంతయు ఇంటి పనిపిల్లది.

ఈ శ్రమ అనావశ్యకమను ఆశ 1850లో పుట్టెను. రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టిలో చేపలను, నీటిమొక్కలను, నత్తలను చేర్చి, మొక్కలు విడుచు ప్రాణవాయువును చేపలు పీల్చుకొనగా, కుళ్లిన ఆకులను నత్తలు తినివేయగా నీరు నిర్మలముగా నిలుచునని ప్రకటించెను. ఫిలిప్ హెన్రీ గాస్ దీనినే సముద్రజీవులకు అన్వయించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో జలజీవుల మందిరము తెరువబడుటయు, మరుసటి యేట గాస్ రచించిన 'ది అక్వేరియం' వెలువడుటయు, గాజుపై సుంకము 1845లోనే రద్దయి యుండుటచే తొట్లు చౌకగా దొరకుటయు, రైలుబండి తీరమును పట్టణమునకు దగ్గర చేయుటయు కలసి, మధ్యతరగతి గృహములలోని ముందుగదులందు ఎనిమోను తొట్టి అలంకారమయ్యెను.

ఆ తొట్టిలో జరిగిన దేమి? వేసవిలో నీరు వేడెక్కిన కొలదియు అందు కరగియుండు ప్రాణవాయువు తరిగిపోవును. నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరికాదు గనుక ఉప్పదనము దినదినమును హెచ్చును. వెలుతురు అధికమైనచో పచ్చని నాచు గాజునంతటిని కప్పివేయును. మమకారముతో వేసిన మాంసపు ముక్కలలో మిగిలినవి కుళ్లును. అన్నిటికంటె క్రూరమైనది సేకరణము: రాతినంటిన పాదము చినుగకుండ తీయుటకు ఉలియు సుత్తియు చేబూని రాతిముక్కతోసహా పెకలింపవలసి యుండగా, ఓర్పులేని సేకర్తలు దానిని గోళ్లతో పెరికి తెచ్చుచుండిరి. ఆ గాయముతో వచ్చిన ప్రాణి చచ్చి కుళ్లనారంభించినచో తొట్టిలోని తక్కినవానికిని అదే గతి. చచ్చినవాని స్థానమున నింపుటకు జనులు మరల తీరముమీద పడిరి. తండ్రి గ్రంథములే ఆ జనప్రవాహమునకు దారి చూపెనని, సౌందర్యనిధులైన డెవన్ రాతిగుంటలు శూన్యములైనవని గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో వెలువరించిన స్వీయచరిత్రలో బాధపడెను. తీరమును ప్రేమించి వ్రాసిన తండ్రికిని ఆ వినాశము తీరని దుఃఖమే.

1860 తరువాత ఈ మోజు చల్లారెను గాని, సమస్యను విడువని వాడొకడు మిగిలెను. లండనులో తొట్లను, సముద్రజీవులను అమ్మిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్, నీటిని చీకటిలో నుంచినచో పచ్చనాచు పెరుగదనియు, దానిని నిరంతరము కదిలించినచో గాలి సోకి శుద్ధి యగుననియు గ్రహించి, ప్రదర్శన తొట్లకంటె ఎన్నియో రెట్లు పెద్దదియు చల్లనిదియునగు చీకటి జలాశయమును క్రింద నిర్మించి, పంపులతో నీటిని ఎడతెగక పైకి త్రిప్పు విధానమును మొదట హాంబర్గునందును, 1871లో లండను క్రిస్టల్ పాలెసునందును నెలకొల్పెను. నేడు గృహములలో సముద్రజీవులను పెంచువారు తొట్టిక్రింది బీరువాలో దాచు రెండవ తొట్టి లాయిడ్ జలాశయమునకు చిన్నరూపము. కూలివాడు మోసిన కూజా పనియు, పనిపిల్ల కిటికీకడ పోసిన నీటి పనియు ఇప్పుడు విద్యుత్పంపు చేయుచున్నది.